పాప ఎత్తు పెరగడం లేదు, పరిశోధనకు రక్తం అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా పాపకు 7 ఏళ్ల 4 నెలలు. ఎత్తు 110 సెంటీమీటర్లు. ఏడాది కిందట 106 ఉండేది. ఐదేళ్ల తమ్ముడు అప్పుడే 109కి వచ్చేశాడు. ఇద్దరినీ చూసి "కవలలా?" అని అడుగుతుంటే పాప ముఖం చిన్నబోతోంది. నా ఎత్తు 156, మా వారిది 170. చదువులో, ఆటల్లో లోటేమీ లేదు. డాక్టరు రక్త పరీక్షలు, థైరాయిడ్, చేతి ఎక్స్‌రే చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఎముకల వయసు ఆరేళ్ల పిల్లలా ఉందన్నారు. ఇప్పుడు క్రోమోజోముల పరీక్ష చేయించమంటున్నారు. అదే ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేస్తున్నవాళ్లు కూడా వచ్చి, మా ముగ్గురి రక్తం ఇస్తే జన్యువులన్నీ ఉచితంగా చదివి చూస్తామని పన్నెండు పేజీల కాగితం చేతిలో పెట్టారు. ఇంట్లో రోజూ గొడవే. "మా వైపు ఇలాంటివాళ్లు ఎవరూ లేరు" అంటారు మా అత్తగారు. "కొందరు ఆలస్యంగా పెరుగుతారులే, నా కూతురి మీద ప్రయోగాలు చేయనివ్వను" అంటారు మా వారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా,

మీరు రెండు ప్రశ్నలను కలిపి ఒకే ముడి వేసుకున్నారు. ఇంట్లో గొడవకు సగం కారణం అదే అనిపించింది నాకు. క్రోమోజోముల పరీక్ష మీ పాప కోసం. ఆమెకు రేపు ఏ వైద్యం చేయాలన్నది దాని ఫలితాన్ని బట్టి తేలుతుంది. పరిశోధన వాళ్లు అడుగుతున్న రక్తం సంగతి వేరు. పిల్లల ఎదుగుదల గురించి ఇంకా ఎవరికీ తెలియనిది తెలుసుకోవడానికి అది. అందులో మీ పాపకు పనికొచ్చేది దొరకొచ్చు, దొరకకపోవచ్చు. మొదటిది ఈ నెలలోనే చేయించండి. రెండో దానికి తొందరేమీ లేదు. ఆ పన్నెండు పేజీలూ తాపీగా చదివి, అడగాల్సినవన్నీ అడిగి, ఆ తరవాత సరేనన్నా, వద్దన్నా మీ ఇష్టం. వద్దన్నంత మాత్రాన పాప వైద్యంలో కొంచెం కూడా తేడా రాకూడదు. వస్తుందని ఎవరైనా మాటవరసకు అన్నా సరే, అది తప్పు.

మొదటిదానికి ఎందుకు తొందరపెడుతున్నానో చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన అంకె 110 కాదు. 106 నుంచి 110 అన్నారే, అది.

పుట్టినప్పుడు పిల్లలు సుమారు 50 సెంటీమీటర్ల పొడవు ఉంటారు. మొదటి ఏడాదిలో ఇంకో 25 పెరుగుతారు. రెండో ఏడాది 10 నుంచి 12. ఆ తరవాత వేగం తగ్గుతూ వచ్చి, నాలుగేళ్లు దాటాక ఏడాదికి 5, 6 సెంటీమీటర్ల దగ్గర నిలకడగా ఉంటుంది. యుక్తవయసు మొదలయ్యేదాకా అంతే. ఈ లెక్క మొట్టమొదట తేలింది ఒక తండ్రి ఓపిక వల్ల. ఫ్రాన్స్‌లో మోంబెయార్ అనే ఆయన 1759లో కొడుకు పుట్టిన రోజు నుంచి 1777 దాకా, ఇంచుమించు ఆరు నెలలకోసారి ఆ పిల్లవాడి ఎత్తు కొలిచి రాసుకున్నాడు. ఒకే బిడ్డను పద్దెనిమిదేళ్లపాటు వెంబడించి కొలిచిన తొలి లెక్క అది. ఇవాళ మేము వాడే చార్టుల్లో వంపులన్నీ ఆ ఒక్క పిల్లవాడి అంకెల్లోనే కనిపిస్తాయి. నాకు ఆ తండ్రి అంటే చాలా గౌరవం. పిల్లల ఎదుగుదల గురించి తెలియాలంటే ఒకసారి చూసి వదిలేస్తే చాలదని, మళ్లీ మళ్లీ కొలవాలని ఆయన చూపించాడు.

అందుకే మేము ఒక్క రోజు ఎత్తును చూసి ఏమీ తేల్చం. ఏడేళ్ల నాలుగు నెలల ఆడపిల్లలు ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం సగటున 122 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటారు. నూరు మందిని వరసలో నిలబెడితే చివరి ముగ్గురు మాత్రమే ఇంచుమించు 112 కంటే తక్కువ ఉంటారు. మీ పాప ఆ ముగ్గురిలో ఉంది. అంతమాత్రాన జబ్బు అనలేం. ఎవరో ఒకరు ఆ చివర ఉండాలి కదా. అలా చివర ఉన్న పిల్లల్లో చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు, చార్టులో తమ గీత వెంబడే చక్కగా పెరుగుతారు. కానీ ఏడాదికి నాలుగు సెంటీమీటర్లే పెరుగుతున్న బిడ్డ తన గీత మీద నిలవడం లేదు, మెల్లమెల్లగా కిందికి జారుతోంది. ఆ జారడం గురించే నా ఆలోచన.

తల్లిదండ్రుల ఎత్తు కూడా చూడాలి. ఆడపిల్లకైతే తండ్రి ఎత్తులోంచి 13 తీసేసి, తల్లి ఎత్తు కలిపి, సగం చేస్తాం. మీ విషయంలో 156.5 వస్తుంది. అటూ ఇటూ ఎనిమిదిన్నర సెంటీమీటర్లు వేసుకుంటే, మీ పాప పెద్దయ్యాక సుమారు 148 నుంచి 165 మధ్యలో ఉండాలి. ఇప్పుడున్న దారి ఆ మధ్యకు పోయేలా లేదు. మీ ఇద్దరూ పొట్టివాళ్లయి ఉంటే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు.

ఒక చిన్న అనుమానం మాత్రం తీర్చుకోవాలి. ఆ 106, ఈ 110 ఒకే చోట, ఒకే పరికరంతో కొలిచినవేనా? చెప్పులు, జడ ముడి, తల వంపు, వీటివల్ల ఒక సెంటీమీటరు తేడా ఇట్టే వచ్చేస్తుంది. పొద్దున కొలిస్తే ఒక రకం, సాయంత్రానికి ఇంచుమించు సెంటీమీటరు తగ్గుతుంది కూడా. వెన్నుపూసల మధ్య మెత్తలు రోజంతా బరువుకు నొక్కుకుపోతాయి మరి. ఈసారి వెళ్లినప్పుడు గోడకు బిగించిన కొలబద్ద దగ్గర మూడుసార్లు కొలిచి సగటు రాయమని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక మీ వారి మాట. "ఆలస్యంగా పెరుగుతారులే" అన్నది గాలి మాటేం కాదు. అలాంటి పిల్లలు నిజంగానే ఉన్నారు. ఎముకల వయసు రెండేళ్లు వెనకబడి ఉంటుంది, యుక్తవయసు ఆలస్యంగా వస్తుంది, అందరూ ఆగిపోయాక వీళ్లు ఇంకా పెరుగుతూ చివరికి అందుకుంటారు. చాలాసార్లు తండ్రో తల్లో అలా పెరిగినవాళ్లే అయి ఉంటారు. మీ వారు పదహారో ఏట ఒక్కసారిగా ఎదిగి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, పనికొస్తుంది. కానీ అలాంటి పిల్లలు కూడా ఈ వయసులో ఏడాదికి ఐదు సెంటీమీటర్ల చొప్పున పెరుగుతూనే ఉంటారు. గీత కిందుగా ఉంటుందే తప్ప జారదు. పైగా ఎముకల వయసు ఒక ఏడాది వెనకబడిందంటే దానికి పెద్ద అర్థం లేదు. ఎడమ చేతి ఎక్స్‌రేను పుస్తకంలోని బొమ్మలతో పోల్చి ఆ వయసు చెబుతారు. చాలా చోట్ల ఇప్పటికీ వాడే గ్రూలిక్, పైల్‌ల అట్లాసు 1950లో వచ్చింది. అందులో ఉన్నవి 1930ల ప్రాంతంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పిల్లల చేతులు. ఏడాది అటూ ఇటూ తేడా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ మామూలే. కాబట్టి ఆ రిపోర్టు చూసి భయపడాల్సిందీ లేదు, ధైర్యం తెచ్చుకోవాల్సిందీ లేదు.

ఈ క్రోమోజోముల పరీక్షలో మీ డాక్టరు ఏం వెతుకుతున్నారో మీకు ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. ముఖ్యంగా వెతికేది టర్నర్ సిండ్రోమ్ కోసం. మన కణాల్లో జన్యువులను మోసే పోగులే క్రోమోజోములు. ఆడపిల్లలకు మామూలుగా రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. కొందరిలో ఒకటి పూర్తిగా లేకపోవడమో, దాంట్లో ఒక ముక్క తగ్గడమో, కొన్ని కణాల్లో ఉండి కొన్నింటిలో లేకపోవడమో జరుగుతుంది. 2,000 నుంచి 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. అంటే మనం అనుకునేంత అరుదు కాదు. కొందరికి పుట్టినప్పుడే చేతులు, పాదాలు ఉబ్బి ఉంటాయి, మెడ వెడల్పుగా ఉంటుంది, తరచూ చెవి పోటు వస్తుంది. కానీ చాలామందిలో పైకి కనిపించేది ఒక్కటే, ఎత్తు పెరగకపోవడం. అందుకే కారణం తెలియకుండా ఎత్తు తగ్గిన ప్రతి ఆడపిల్లకూ ఈ పరీక్ష చేయాలన్నది పిల్లల డాక్టర్ల నియమం. మీ డాక్టరు సరైన పనే చేస్తున్నారు.

ఈ విషయంలో నేను ఊరికే గట్టిగా చెప్పడం లేదు. వైద్యం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో తొమ్మిదేళ్ల పాపను నా దగ్గరికి తీసుకొచ్చారు. చురుకైన పిల్ల, బాగా చదివేది. తల్లి కూడా పొట్టిగా ఉండేది. "తల్లి పోలిక, ఏం కాదు" అని పంపించేశాను. చార్టు మీద రెండో చుక్క కూడా పెట్టలేదు. పదమూడో ఏట ఇంకో డాక్టరు పరీక్ష చేయిస్తే టర్నర్ అని తేలింది. ఆ తల్లి నాతో ఒక్క కఠినమైన మాట కూడా అనలేదు. "నాలుగేళ్లు ముందు తెలిస్తే బాగుండేది కదండీ" అంది, అంతే. అప్పటి నుంచి నా గదిలోకి వచ్చిన ఏ పిల్లనూ పాత కొలతలు అడగకుండా పంపలేదు.

ఒకవేళ మీ పాపకు అదే తేలితే ఏమవుతుంది? ముందు ఒకటి చెప్పనివ్వండి. ఈ పిల్లల తెలివితేటలు సాధారణంగా మామూలుగానే ఉంటాయి. కొందరికి లెక్కలు, దిక్కులు, పటాలు కాస్త కష్టం. ఆ సంగతి ముందే తెలిస్తే స్కూల్లో సాయం అడగొచ్చు. గుండె స్కానింగ్, కిడ్నీల స్కానింగ్ చేయిస్తారు, వినికిడి చూస్తారు, థైరాయిడ్‌ను ఏటా గమనిస్తారు. వైద్యం లేకుండా వదిలేస్తే ఈ అమ్మాయిలు తమ సమాజంలోని ఆడవాళ్ల సగటు కంటే 20 సెంటీమీటర్ల దాకా తక్కువ ఎత్తులో ఆగిపోతారు. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తే కొంత పెరుగుతారు. కెనడాలో కొందరు అమ్మాయిలకు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనంలో సుమారు 7 సెంటీమీటర్ల తేడా తేలింది. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకు లాభం ఎక్కువ. పదకొండు, పన్నెండేళ్ల వయసులో ఆడ హార్మోన్లు తక్కువ మోతాదులో మొదలుపెట్టి యుక్తవయసు తెప్పిస్తారు. ఏడేళ్లకు తెలిస్తే వీటన్నిటికీ టైముంటుంది. పదమూడేళ్లకు తెలిస్తే సగం దారి దాటిపోయి ఉంటాం.

టర్నర్ కాదని తేలితే వెతుకులాట ఆగిపోదు. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు కొందరిలో కడుపులో ఏ బాధా లేకుండా కేవలం ఎత్తు తగ్గడంగా బయటపడుతుంది. మీరు చేయించిన రక్త పరీక్షల్లో దాని పరీక్ష ఉందో లేదో చూడమనండి. ఎముకల పెరుగుదలకు కావలసిన షాక్స్ అనే జన్యువు ఒకటుంది, 1997లో కనుగొన్నారు. టర్నర్ పిల్లలు పొట్టిగా ఉండడానికి ముఖ్య కారణం దాని రెండు ప్రతుల్లో ఒకటి తగ్గిపోవడమే. క్రోమోజోములు సరిగ్గా ఉండి ఈ జన్యువు ఒక్కటే దెబ్బతిన్న పిల్లలూ ఉంటారు, దానికి విడిగా పరీక్ష ఉంది. గ్రోత్ హార్మోన్ సరిగ్గా తయారవుతోందో లేదో చూసే పరీక్షలు ఉన్నాయి. ఏదీ తేలని పిల్లలు కూడా చాలామంది ఉంటారు. వాళ్లను ఆరు నెలలకోసారి కొలుస్తూ గమనించడమే అప్పటికి వైద్యం.

మీ అత్తగారి మాట దగ్గరికి వస్తాను. "మా వైపు ఎవరూ లేరు" అంటే ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ మాట వల్ల తేలేదీ ఏమీ లేదు. టర్నర్ దాదాపు ఎప్పుడూ వంశంలో నడవదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు, లేదా పిండం తొలి రోజుల్లో కణాలు విడిపోయేటప్పుడు, క్రోమోజోము ఒకటి జారిపోతుంది. తల్లి ఏం తిన్నా, ఏం చేసినా దానితో సంబంధం లేదు. జన్యువుల్లో వచ్చే మార్పుల్లో కూడా అన్నీ పెద్దలు ఇచ్చినవి కావు. పుట్టే ప్రతి బిడ్డలోనూ, మీలో, నాలో కూడా, తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి. చాలావరకు వాటివల్ల ఏమీ కాదు. ఎకాండ్రోప్లేసియా అనే ఎముకల లోపంతో పుట్టే పిల్లల్లో నూటికి 80 మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే. ఆ మార్పు బిడ్డలోనే కొత్తగా వచ్చింది. ఇంకో రకం లోపాలున్నాయి. తల్లిలోనూ తండ్రిలోనూ తరతరాలుగా చప్పుడు లేకుండా దాగి ఉంటాయి. ఇద్దరి నుంచీ ఒక్కొక్కటి కలిసినప్పుడే బిడ్డలో బయటపడతాయి. అలాంటి ఇద్దరికి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అక్కడ "ఒక వైపు" అనేదే లేదు, రెండు వైపులూ ఉండాలి.

మామూలు ఎత్తుకు కూడా ఒక్క జన్యువు కారణం కాదు. 2022లో 54 లక్షల మంది సమాచారం కలిపి చూసిన పరిశోధనలో ఎత్తుతో సంబంధం ఉన్న 12,000కు పైగా చోట్లు మన జన్యు లిపిలో కనిపించాయి. ఈ వివరాలు మీ అత్తగారికి చెప్పడం మీకు ఇబ్బందైతే ఈసారి డాక్టరు దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లండి. మనవరాలి మీద బెంగతోనే ఆవిడ ఆ మాట అంటున్నారు. తెల్లకోటు నోట వింటే మనసు కుదుటపడుతుంది.

ఇప్పుడు పరిశోధన. ఇక్కడ మీ వారి భయాన్ని నేను తీసిపారేయను. చరిత్రలో దానికి ఆధారం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో విల్లోబ్రూక్ అనే సంస్థలో, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు 1956 నుంచి కావాలనే కామెర్ల వైరస్ ఎక్కించి జబ్బు ఎలా నడుస్తుందో చూశారు. తల్లిదండ్రుల సంతకాలు ఉన్నాయి నిజమే. కానీ పిల్లవాణ్ణి చేర్చుకునే చోటు ఇంకెక్కడా లేక గత్యంతరం లేకుండా పెట్టిన సంతకాలూ వాటిలో ఉన్నాయి. ఎత్తు పెంచే వైద్యానికి కూడా ఒక చీకటి అధ్యాయం ఉంది. 1950ల చివరి నుంచి గ్రోత్ హార్మోన్‌ను చనిపోయినవాళ్ల మెదడులోని పిట్యూటరీ గ్రంథి నుంచి తీసి పిల్లలకు ఇచ్చేవారు. ఆ మందు తీసుకున్న కొందరు చాలా ఏళ్ల తరవాత మెదడును తినేసే క్రూట్స్‌ఫెల్ట్ యాకబ్ జబ్బుతో చనిపోయారు. 1985లో అది బయటపడగానే చాలా దేశాల్లో ఆపేశారు. అదే ఏడాది లేబొరేటరీలో తయారైన హార్మోన్ వచ్చింది. ఇప్పుడు ఇచ్చేది అదే, శవాల నుంచి తీసింది కాదు. మీ వారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ఇలాంటి దెబ్బలు తిన్నాకే ఇవాళ్టి కట్టుదిట్టాలు వచ్చాయి. స్వతంత్రంగా ఉండే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా పిల్లల మీద ఏ అధ్యయనమూ మొదలుపెట్టకూడదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తప్పుకునే హక్కు కుటుంబానికి ఉంటుంది.

అయితే దీనికి రెండో ముఖం చూపించకపోతే నేను న్యాయం చేసినట్టు కాదు. 1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగింది. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. పిల్లల దగ్గర ఏదో వింత వాసన వస్తోందని ఆమె అందరికీ చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. ఫోలింగ్ అనే డాక్టరు మాత్రం విన్నాడు. ఆయన రసాయన శాస్త్రం కూడా చదువుకున్నవాడు. పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఆకుపచ్చగా మారింది. అలా బయటపడింది ఫినైల్ కీటోన్యూరియా అనే వంశపారంపర్య జబ్బు. ఆ ఇద్దరు పిల్లలకు మాత్రం ఏ మేలూ జరగలేదు, అప్పటికే ఆలస్యమైపోయింది. ఇరవై ఏళ్లకు, 1950ల తొలి ఏళ్లలో, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇంకో తల్లి తన కూతురికి వైద్యం కనిపెట్టమని బికెల్ అనే డాక్టరును రోజూ వెంటాడింది. శరీరం అరిగించుకోలేని ఫినైలాలనిన్ అనే పదార్థాన్ని తిండిలోంచి తగ్గిస్తే జబ్బును అదుపు చేయొచ్చని అక్కడ తేలింది. 1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ, పుట్టిన బిడ్డ మడమ నుంచి కాగితం మీదికి తీసిన రక్తపు చుక్కతోనే జబ్బును పట్టే పద్ధతి కనిపెట్టాడు. ఆయన సొంత కొడుకు బుద్ధిమాంద్యంతో పుట్టినవాడు, దగ్గరి బంధువుల పాపకు ఈ జబ్బే ఉంది. ఇవాళ ఎన్నో దేశాల్లో పసిపిల్లల మడమ మీద పొడిచి రక్తం తీసుకోవడానికి మూలం అదే. మొదట్లోనే జబ్బు తెలిసిన పిల్లలు ఆ తిండితో మామూలుగా ఎదిగి, చదువుకుని, ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లకు ఆ జీవితం ఇచ్చినవాళ్లలో తమ పిల్లలను బాగుచేసుకోలేకపోయిన ఆ నార్వే తల్లి కూడా ఉంది.

ఇదంతా మీ చేత సంతకం పెట్టించడానికి చెప్పలేదు. పరిశోధన అంటే ఏమిటో తెలిసి నిర్ణయించుకోవాలని చెప్పాను.

మీ ముగ్గురి రక్తం ఎందుకు అడుగుతున్నారంటే, పాపలో కనిపించిన మార్పు మీ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా ఉందా, కొత్తగా వచ్చిందా అని పోల్చడానికి. తల్లిదండ్రులతో పోల్చకుండా ఒక్క బిడ్డ జన్యువులు చదివితే వేలకొద్దీ తేడాల మధ్య అసలుది పట్టుకోవడం చాలా కష్టం. ఫలితం మూడు రకాలుగా రావచ్చు. కారణం స్పష్టంగా దొరకొచ్చు. ఏమీ దొరకకపోవచ్చు. లేదా ఏదో ఒక మార్పు కనిపించి, అది జబ్బుకు కారణమో కాదో ఎవరూ చెప్పలేని స్థితి రావచ్చు. మూడోది వినడానికి చాలా కష్టంగా ఉంటుంది, ముందే మనసు సిద్ధం చేసుకోండి. అలాంటి తేలని ఫలితాన్ని పట్టుకుని పాపకు మందులు మొదలుపెట్టొద్దు, తరవాతి కాన్పు గురించి నిర్ణయాలూ తీసుకోవద్దు. బ్రిటన్, ఐర్లండ్‌లలో మెదడు, శరీరం ఎదుగుదలలో లోపాలు తీవ్రంగా ఉన్న పిల్లల కుటుంబాలు 13,000కు పైగా చేరిన పెద్ద అధ్యయనంలో, 2023లో ప్రచురించిన లెక్క ప్రకారం, నూటికి 41 మందికి జన్యు కారణం దొరికింది. అంటే అంత తీవ్రంగా జబ్బుపడిన పిల్లల్లో కూడా సగానికి పైగా కుటుంబాలకు అప్పటికి జవాబు రాలేదు. ఎత్తు ఒక్కటే సమస్యగా ఉన్న మీ పాప లాంటి పిల్లల్లో దొరికే అవకాశం అంతకంటే తక్కువ. కొన్నేళ్లకు అదే సమాచారాన్ని మళ్లీ తిరగేస్తే కొత్తగా దొరకడం మాత్రం తరచూ జరుగుతుంది.

సంతకం పెట్టే ముందు నేనైతే ఆ పరిశోధకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతాను. మా పాపకు పనికొచ్చేది దొరికితే మాకు చెబుతారా, లేక మీ దగ్గరే ఉంచుకుంటారా? ఎన్నాళ్లకు చెబుతారు, ఎవరు చెబుతారు? మా చేతికి వచ్చిన ఫలితాన్ని వైద్యానికి వాడే ముందు మామూలు ల్యాబులో మళ్లీ నిర్ధారించే ఏర్పాటు ఉందా? రక్తం ఎన్నేళ్లు దాస్తారు, ఎదుగుదలకు సంబంధం లేని వేరే పరిశోధనకు కూడా వాడతారా, వేరే దేశాలకు, కంపెనీలకు పంపుతారా, పేరు తీసేసి పంపుతారా? మేము తప్పుకుంటే దాచిన రక్తం పారేస్తారా? బీమా కంపెనీకో ఇంకెవరికో ఈ వివరాలు తెలిసే వీలుందా? దీనికి దేశాన్ని బట్టి చట్టం మారుతుంది కాబట్టి మీ దగ్గర ఏ నియమం ఉందో వాళ్ల చేతే చెప్పించండి.

ఇంకో ప్రశ్న చాలామంది అడగరు. జన్యువులన్నీ చదివేటప్పుడు వెతకనివి కూడా బయటపడతాయి. మీకో మీ వారికో నడివయసులో క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ ఉందని తెలియొచ్చు. కుటుంబ బంధాల గురించి ఎవరూ ఊహించని సంగతులు కూడా తెలియొచ్చు. ఇలాంటివి మాకు చెప్పాలా వద్దా అని కాగితంలో చాలాసార్లు ఒక గడి ఉంటుంది. ఆ గడిలో టిక్కు పెట్టే ముందు మీరిద్దరూ ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోండి. ఒకరు పెట్టేసి తరవాత ఇంకొకరికి చెప్పే విషయం కాదు అది.

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా, మీకు అర్థమయ్యే మాటల్లో జవాబు చెబితే, నా మటుకు నేను చేరమనే అంటాను. కొంచెం రక్తం తీయడం తప్ప పాప శరీరానికి ఏ హానీ లేదు, మందులేవీ ఇవ్వడం లేదు. మీ వారు "ప్రయోగం" అంటున్నది కొత్త మందులు ఇచ్చి చూడడం. మీరు రాసినదాన్ని బట్టి ఇది అది కాదు. రేపెప్పుడైనా మందు పరీక్షిస్తామని అడిగితే అది వేరే కాగితం, వేరే నిర్ణయం. ఆయన అప్పటికీ వద్దంటే బలవంతం చేయకండి. ముగ్గురిలో ఒకరికి ఇష్టం లేకుండా ఇచ్చిన రక్తం వల్ల ఇంట్లో మిగిలేది నలత. క్రోమోజోముల పరీక్ష మాత్రం ఆ వాదనలో ఆగిపోకుండా చూసుకోండి.

పాపను కూడా అడగండి. ఏడేళ్ల పిల్లకు చాలా అర్థమవుతుంది. "ఏం లేదు, ఊరికే" అని తీసుకెళ్లి సూది పొడిపించొద్దు. "నువ్వు ఎందుకు నెమ్మదిగా పెరుగుతున్నావో డాక్టరుకు తెలియాలి, దానికి చేతి నుంచి కొంచెం రక్తం తీస్తారు, ఒక్క క్షణం నొప్పి ఉంటుంది, నేను పక్కనే ఉంటాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిమ్మిరెక్కించే క్రీమ్ ఉంటుంది, సూదికి గంట ముందు రాయమని అడగండి. రెండు పరీక్షలకూ కలిపి ఒకేసారి రక్తం తీయించే వీలుంటే ఇంకా మంచిది. పరిశోధనకు ఆమె ససేమిరా వద్దంటే మంచి పరిశోధకులు అక్కడితో ఆగిపోతారు. పద్దెనిమిదేళ్లు వచ్చాక ఆమె సమ్మతిని మళ్లీ అడుగుతారో లేదో కూడా కనుక్కోండి. ఆ రక్తంలో ఉన్న కథ ఆమెదే.

తమ్ముణ్ణీ ఆమెనూ పక్కపక్కన నిలబెట్టి చూసేవాళ్లకు మీరే అడ్డుపడండి, పాప చూస్తుండగా అడ్డుపడండి. "కవలలా?" అంటే "కాదండీ, అక్క రెండేళ్లు పెద్దది" అని మామూలుగా చెప్పి మాట మార్చేయండి. మీ గొంతులో సిగ్గు లేకపోతే ఆమె ముఖం చిన్నబోదు.

రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి. అప్పుడు ఇంకొన్ని అంకెలు కావాలి: పుట్టినప్పటి బరువు, పొడవు, నెలలు నిండాక పుట్టిందా, ముందే పుట్టిందా. నెలలకు తగ్గ బరువు లేకుండా పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది రెండేళ్లలోపు అందుకుంటారు, కొద్దిమంది మాత్రం అలాగే పొట్టిగా ఉండిపోతారు. మీ పాప వాళ్లలో ఒకతె అయ్యుండే అవకాశం కూడా చూడాలి. టీకాల కార్డు మీద అప్పట్లో నర్సులు రాసిన ఎత్తులు ఉంటాయి. ఒకటో ఏడు, రెండో ఏడు, ఏది దొరికితే అది, తేదీలతో సహా ఒక కాగితం మీదికి ఎక్కించి మీ డాక్టరుకు ఒక నకలు ఇచ్చి, నాకూ ఒకటి పంపండి.